చెరువు నడిమి గాలి

1999 జూన్‌లో ఒక ఆదివారం. జయరాజు, కేశవ ఆ ఏడాదికి చివరిసారి ధర్మవరం చెరువులో గాలం వేశారు. జయరాజు పెనుకొండలో ఉంటాడు, రైల్వేలో సిగ్నల్ ఫిట్టరు. కేశవ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. చేపలు పట్టడం ఇద్దరికీ సరదా, అంతే. మూడేళ్ల కింద బెంగళూరులో ఎవరో వదిలేసిన ఫైబరు బోటు తెచ్చి, చిన్న పెట్రోలు మోటారు బిగించుకున్నారు. ఏటా ఆషాఢం గాలులు మొదలు కాకముందే దాన్ని హిందూపురం షెడ్డుకు పంపేవాళ్లు. అడుగు అతికి, రంగు వేసి, మోటారు విప్పి బాగుచేసేసరికి మూడు నెలలు పట్టేది. ఈసారి ట్రాక్టరతను సోమవారం వస్తానన్నాడు.

ఆవలి ఒడ్డున రెండు కొరమేన్లు పడ్డాయి. మూడున్నరకు వెనుదిరిగారు. చెరువు నడిమికి వచ్చేసరికి పడమటి గాలి లేచింది. ముందు జయరాజు టోపీ ఎగిరిపోయింది. ఆ తర్వాత అలలు వెనక నుంచి బోటులోకి పడసాగాయి. మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాడు లాగినా మళ్లీ పలకలేదు.

"నేను తెడ్డేస్తా. నీళ్లు జాస్తి అయితే దూకి ఈదుదాం," అన్నాడు జయరాజు.

కేశవ కదల్లేదు. "నాకు ఈత రాదన్నా."

"ఇప్పుడా చెప్పేది?"

"ముందే చెప్పింటే నన్ను ఎక్కించుకుంటాంటివా?"

జయరాజు ఖాళీ పెట్రోలు క్యాను మూత బిగించి, తాడుతో కేశవ రొమ్ముకు కట్టాడు. "తోడు," అన్నాడు.

కేశవ అన్నం గిన్నెతో నీళ్లు తోడాడు. అరగంటకు కట్ట దగ్గరపడింది. అలలు రాళ్లకు కొట్టుకుంటున్నాయి. తూము పక్కనున్న బురద ఒడ్డుకు చేరాలి, కానీ ఒక్క తెడ్డుకు బోటు తిరగడం లేదు. కేశవ గిన్నె వదిలేశాడు. కూర్చున్న పలక ఊడబెరికి, అంచు మీదికి వంగి, తెడ్డులా వేశాడు. బోటు అడుగు దేనికో గీసుకుని, జంబు గడ్డిలో దూరి ఆగింది. మోకాటి లోతు బురదలో దిగి నడిచారు. ఒడ్డున కూర్చున్నాక కూడా కేశవ క్యాను విప్పలేదు. ముడి జయరాజే విప్పాడు.

సోమవారం బోటు హిందూపురం పోయింది. అడుగున మూరెడు పగులు ఉందని షెడ్డతను చెప్పాడు.

మరుసటి ఆదివారం జయరాజు చర్చి నుంచి నేరుగా ప్యాసింజరు ఎక్కి వచ్చాడు. గాలాలు తేలేదు, ఈత బెండ్లు తెచ్చాడు. చెన్నేకొత్తపల్లి దగ్గర తనకు తెలిసిన శ్రీనివాసులు తోట బావికి కేశవను తీసుకుపోయాడు. కేశవ గంటసేపు మెట్ల మీదే నిలబడ్డాడు.

"ఏమబ్బా, మూడేళ్లు నీళ్ల మింద కూర్చుంటివి కదా!"

"అది మీద. ఇది లోపల."

ఆ రోజు నడుము లోతు దాకా దిగాడు. ఆగస్టు ఆఖరుకు బెండ్లన్నీ తీసేశారు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదాడు, ఆయాసపడుతూనే.

సెప్టెంబరులో బోటు వచ్చింది. ఆ ఏడు వానలు పడలేదు, దాన్ని దించేంత నీళ్లు చెరువులో లేవు. కట్ట కింద బోర్లించి, టార్పాలిన్ కప్పారు. ఆదివారాలు మాత్రం ఇద్దరూ బావికి పోతూనే ఉన్నారు.