డెట్లెఫ్ రైలెక్కిన రోజు

ముప్పై ఏళ్ళు రైలు నడిపినవాడు సెలవులకొచ్చి అద్దె కారు తీసుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అందులోనూ రైల్వే వాళ్ళిచ్చిన ఉచిత పాసు జర్మనీలో, కాసెల్ ఊళ్ళోని ఇంటి సొరుగులో మూలుగుతుంటే మరీను. మార్లిస్‌కి మాత్రం ఆ నవ్వు ఆరేళ్ళ క్రితమే ఆగిపోయింది. ఆరేళ్ళ క్రితం ఒక చలికాలం సాయంత్రం ఆమె భర్త డెట్లెఫ్ నడుపుతున్న రైలు కింద ఎవరో పడ్డారు. ఆ తర్వాత అతను రైలు నడపలేదు, కనీసం ఎక్కనూ లేదు. రైలు నడిపేవాళ్ళలో చాలామందికి అది ఎప్పుడో ఒకప్పుడు తప్పదంటారు. దాని గురించి ఇంట్లో నోరెత్తకపోవడం కూడా వాళ్ళలో రివాజే. "చీకటి. ఏమీ కనబడలేదు," అని డెట్లెఫ్ ఆ సంగతికి తాళం వేసేశాడు. మార్లిస్ కూడా నమ్మింది. నమ్మడం తేలిక కదా.

ఉత్తర ఇటలీ కొండల్లోని విన్ష్‌గావ్ లోయలో, ఆపిల్ తోటల మధ్య వాళ్ళు దిగిన ఇల్లు జీతా అనే ఆవిడది. పొద్దున్నే బల్లమీద రొట్టెలూ పొగబెట్టిన మాంసం ముక్కలూ పెడుతూ ఆవిడ ఊరుకోలేకపోయింది.

"లోయంతా రైల్లో ఊరికే తిరగమని కార్డులిచ్చాను. మళ్ళీ కారెందుకండీ? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు!"

"మా ఆయన చంకలో పిల్లులు చాలానే ఉన్నాయిలెండి," అంది మార్లిస్.

డెట్లెఫ్ నవ్వలేదు. కారు తాళం వేలికి తగిలించుకుని లేచాడు. "పద, ఎండెక్కకముందే లోయ చివరికి, మాల్స్ ఊరికి చేరదాం."

మార్లిస్ కదల్లేదు. నిన్న సాయంత్రం సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు. కొండ వంపులో, బస్సు కోసం రోడ్డంచున నిలబడ్డ ఒక ముసలావిడ కనబడగానే డెట్లెఫ్ నడిరోడ్డు మీద బ్రేకు తొక్కేశాడు. వెనకొస్తున్న పాల లారీ వాళ్ళ కారుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఇది కొత్తేం కాదు. రోడ్డుపక్క మనిషి నిలబడ్డా, చెట్టునీడ కదిలినా అంతే. ఆరేళ్ళుగా ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అతని పక్కన కూర్చుంటోంది.

"నేనిక ఆ కారెక్కను," అంది.

"నిన్నటిదాని గురించేనా? ఇవాళ నెమ్మదిగా నడుపుతాను."

"నెమ్మదిగా చస్తాం, అంతేగా తేడా! రైలుకి వస్తే రా. రాకపోతే నా దారిన నేను పోతాను. మాల్స్‌కి కాదు, మా చెల్లెలింటికి. ఇక అక్కడే ఉంటాను."

జీతా కాఫీ జగ్గు పట్టుకుని లోపలికి జారుకుంది.

"బెదిరిస్తున్నావా?"

"అవును, బెదిరిస్తున్నాను. బతిమాలడం అయిపోయింది."

డెట్లెఫ్ చాలాసేపు కిటికీలోంచి కారు వంకే చూశాడు. చివరికి తాళం తీసి వెన్న గిన్నె పక్కన పెట్టాడు.

అది టికెట్ చూసేవాడు కూడా లేని చిన్న రైలు. డెట్లెఫ్ ఆఖరి పెట్టెలో ఆఖరి సీటు వెతుక్కుని, ముందున్న పట్టాలు కనబడకుండా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. మెడమీద చెమట ధార కట్టింది. బయట ఆపిల్ కోతలు జోరుగా సాగుతున్నాయి. పట్టాల పక్కదాకా నిచ్చెనలు, బుట్టలు, వంగి లేస్తున్న కూలీలు. మనిషి కనబడ్డప్పుడల్లా అతని కుడికాలు నేలను నొక్కుతోంది. మార్లిస్‌కి జాలేసింది. దిగిపోదామా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

మూడు స్టేషన్లు దాటాక అతను నోరు విప్పాడు. "వంపులో బాగా తగ్గించాడు. నడపడం వచ్చినవాడే."

మార్లిస్ ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్చిన ఊపిరి వదలకముందే రైలు కూత వేసింది. ఆగకుండా, పొడుగ్గా. ఆపైన ఇనుము కీచుమని అరిచింది. పై అరలోంచి సంచులు రాలాయి. ఎవరి సంచిలోంచో ఆపిల్ పళ్ళు పెట్టె పొడుగునా దొర్లాయి. రైలు ఆగిపోయింది.

"తెల్లారినట్టే ఉంది! మాల్స్‌లో బస్సు పోయింది ఇక," అని ఎవరో విసుక్కున్నారు.

డెట్లెఫ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఇదంతా నా మొండితనం వల్లే అని మార్లిస్ గుండెలు బాదుకుంది. అతను లేచాడు. తలుపు బద్దలుకొట్టుకుని పారిపోతాడనుకుంది. అతను ముందు పెట్టె వైపు నడిచాడు. ఆమె వెంట పరిగెత్తింది.

రైలు నడుపుతున్నది ఇరవై ఐదేళ్ళయినా నిండని అమ్మాయి. చొక్కా మీద వెరేనా అని పేరుంది. డ్రైవరు గది తలుపు తెరిచి ఉంది. కంట్రోలు రూముకి కబురు చెప్పేసినట్టుంది, ఫోను చేతిలోంచి వేలాడుతోంది.

"గోధుమరంగు కోటు," అంటోంది ఎవరితోనో తెలియకుండా. "వంగి ఏదో తీసుకుంటున్నట్టు... కూలీలెవరో... నేను వెళ్ళి చూడాలి."

"కూర్చో తల్లీ," అన్నాడు డెట్లెఫ్. "నేనూ రైలు నడిపినవాణ్ణే. నువ్వు చూడకు. నేను చూసొస్తాను."

"మీరు ప్రయాణికులు. రూల్సు ఒప్పుకోవు."

"రూల్సు నాకూ తెలుసు. ఇక్కడ ఒకటే లైను, ఇంకో రైలు రాదు. తలుపు తియ్యి."

"డెట్లెఫ్, వద్దు!" అంది మార్లిస్. "నీవల్ల కాదు!"

"నువ్వీ అమ్మాయి పక్కన ఉండు," అని అతను కిందికి దిగాడు.

వెరేనా చెయ్యి మంచుగడ్డలా ఉంది. మార్లిస్ ఆ చెయ్యి పట్టుకునే కిటికీలోంచి తల బయటికి పెట్టింది. డెట్లెఫ్ పెట్టెల గోడ తడుముకుంటూ కంకరమీద నడుస్తున్నాడు. రైలు చివర దాటి ఇంకా వెనక్కి వెళ్ళాడు. అక్కడ వంగాడు. మళ్ళీ లేవడం లేదు. చర్చి మొహం చూసి ఎన్నాళ్ళయిందో మార్లిస్‌కే గుర్తులేదు, అయినా పెదవులు వాటంతటవే కదిలాయి.

అతను లేచి తోటలోకి వెళ్ళి కూలీలతో ఏదో మాట్లాడాడు. తర్వాత తిరిగొచ్చాడు. మోకాళ్ళనిండా దుమ్ము.

"దుప్పి," అన్నాడు. "కోటు కాదమ్మా, దుప్పి చర్మం. రెండు పక్కలా వెతికాను. కూలీలనీ అడిగాను, అందరూ ఉన్నారు. మనిషి కాదు."

వెరేనా బావురుమంది. డెట్లెఫ్ తలుపు మెట్టుమీద కూర్చుని ఆమె ఏడుపు తగ్గేదాకా ఓపిగ్గా ఆగాడు. కళ్ళు తుడుచుకుని ఆ అమ్మాయి అడిగింది:

"మీకూ జరిగిందా? మీకప్పుడు ఎవరు చూసొచ్చారు?"

చీకటి, ఏమీ కనబడలేదు అంటాడని మార్లిస్‌కి తెలుసు.

"నేనే వెళ్ళాను," అన్నాడు డెట్లెఫ్. "నీకంటే చిన్నపిల్ల. ఇంకా ప్రాణం ఉంది. పేరు యూలే అని చెప్పింది. చలేస్తోందంటే నా కోటు కప్పాను. పక్కన కూర్చుని అవీ ఇవీ మాట్లాడుకున్నాం. వాళ్ళ కుక్క గురించి చెప్పింది. అంబులెన్సు వచ్చేసరికి నేనొక్కణ్ణే మాట్లాడుతున్నాను."



మార్లిస్ అతని పక్కనే, ఆ ఇరుకు మెట్టుమీదే చతికిలబడింది. ఆ రోజు అతను కోటు లేకుండా ఇంటికొచ్చాడు. తను ఏరికోరి, అతని పుట్టినరోజుకి కొన్న కోటు.

"కోటెక్కడ పారేసుకొచ్చావని నిన్ను తిట్టాను," అంది.

"చలికాలమంతా తిట్టావు."

"ఒక్క మాట చెప్పుంటే!"

"నువ్వు తిడుతుంటే బాగుండేది," అన్నాడు డెట్లెఫ్. "ఇంట్లో అదొక్కటే మామూలుగా ఉండేది."

రైలుకి బదులుగా బయట బస్సు వచ్చింది, మాల్స్ వెళ్ళేవాళ్ళని రమ్మని ఎవరో కేకేశారు. జనం సంచులు సర్దుకుని తోటలోంచి రోడ్డు మీదికి నడిచారు. వాళ్ళిద్దరూ మెట్టుమీదే కూర్చుని ఉండిపోయారు.