ఆయుధాగారంలో తడిగుడ్డ

మావారి ఆయుధాగారం హాల్లో కిటికీ పక్కన కొలువై ఉంటుంది. వారానికోసారి దాన్ని తుడిచి శుభ్రపరిచే మహద్భాగ్యం నాది. చిన్న డంబెల్స్ మెరుస్తూ ఉంటాయి. పెద్ద జత మీద మాత్రం దుమ్ము నిశ్చింతగా నిద్రపోతూ ఉంటుంది. మహావీరులు దాని జోలికి పోరని లోకంలో నాకొక్కదానికే తెలుసు. కింద తడిగుడ్డ పెట్టడానికి ఆ జతను పక్కకు జరిపేది నేనే కనుక, ఈ ఇంట్లో అసలు పహిల్వాన్ ఎవరన్న ప్రశ్నను ఇల్లాలి ధర్మం కొద్దీ ఇంతకాలం లేవనెత్తలేదు.

అలా జరిపి తుడుస్తున్న ఒక ఉదయం తడినేల మీద జారి చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగింది. పరీక్షలు చేస్తే ఎముకలు పలచబడ్డాయని తేలింది. కట్టు విప్పాక ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి, "వ్యాయామం ఏమైనా చేస్తారా?" అని నన్నడిగింది. జవాబు మావారు చెప్పారు. నన్నడిగిన ప్రశ్నలకు బదులివ్వడం పెళ్ళినాటి నుంచీ ఆయన స్వయంగా నిర్వహిస్తున్న శాఖ.

"డంబెల్స్ ఎత్తేది నేను. తనకెందుకండీ? ఇంటి పనంతా తనే చేస్తుంది. ఇంటి పనిని మించిన వ్యాయామం ఏముంది?"

"అయితే మీరు కూడా ఆ డంబెల్స్ మానేసి అదే చేయొచ్చు కదండీ," అందా అమ్మాయి నా చేతినుంచి చూపు తిప్పకుండానే. తర్వాత నాకు వివరంగా చెప్పింది. ఏళ్ళ తరబడి అదే బకెట్, అదే చీపురు, అదే వంగడం. ఒళ్ళు వాటికి ఎప్పుడో అలవాటు పడిపోయింది, ఇక అరగడమే తప్ప గట్టిపడటం లేదట. ఎముకకు బలం రావాలంటే ఎత్తే బరువు కొంచెం కొంచెంగా పెరగాలి, మధ్యమధ్య విశ్రాంతి ఉండాలి. "అలుపు వేరు, బలం వేరమ్మా," అంది.

మా అమ్మ గుర్తొచ్చింది. జీవితమంతా నిలబడే ఉన్న మనిషి. స్నానాల గదిలో పడి తుంటి విరిగాక చివరి రోజులన్నీ మంచం మీదే గడిపింది. మంచినీళ్ళకు పిలవాలన్నా, ఎవరి పని చెడగొడతానో అని మొహమాటపడి దాహంతోనే పడుకునేది. ఆ మంచం నాకు వారసత్వంగా అక్కర్లేదు.

మర్నాటి నుంచి నీళ్ళ సీసాలెత్తాను. కొన్నాళ్ళకు చిన్న డంబెల్స్ దాకా వచ్చాను.

"ఈ వయసులో కండలు పెంచి ఎవర్ని కొడతావే అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"ఇంకా అనుకోలేదు అత్తయ్యా."

"మగాడిలా తయారవుతావు, చూసుకో," అని మావారు హెచ్చరించారు. ఆ బరువులు ఇన్నేళ్ళుగా ఆయన్ని ఎలా తీర్చిదిద్దాయో ఆపాదమస్తకం ఒకసారి పరికించి, నాకా ప్రమాదం లేదని ధైర్యం తెచ్చుకున్నాను.

ఆయన వ్యాయామశాస్త్రంలో నాకు కంఠతా వచ్చిన అధ్యాయం ఒకటుంది. వారం మధ్యలో సోఫా మీద శేషశయనుడిలా పవళించి, "ఇవాళ నాకు రెస్ట్ డే. కండ పెరిగేది విశ్రాంతిలోనే, తెలుసా?" అంటూ నా చేతిలోంచి కాఫీ అందుకుంటారు. తెలియకేం, ఇన్నేళ్ళుగా అందిస్తున్నది నేనే కదా.

మొన్న ఉదయం ఆ శయ్యను ఆయనకంటే ముందు నేను అధిష్ఠించి కాళ్ళు చాపాను.

"కాఫీ ఏదీ?"

"ఇవాళ నాకు రెస్ట్ డే అండీ."

"రెస్ట్ ఎక్సర్‌సైజుకి. ఇంటి పనికి రెస్ట్ ఏంటి, కొత్తగా?"

"దాన్ని మించిన వ్యాయామం లేదని ఆ ఫిజియో అమ్మాయి ముందు మీరే సెలవిచ్చారుగా."

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. చీవాట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, సోఫా రెండో కొసన కూర్చున్నారు.

"నాకూ ఓ కప్పు పట్రారా," అన్నారు కొడుకుతో.

వంటింట్లో మూతలు ఒకదానికొకటి తగులుకున్నాయి. "చక్కెర ఎక్కడ పెట్టావ్?" అన్న కేక వచ్చింది. నా కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. పట్టి కూర్చోబెట్టాను, ఇంతవరకు నేను మోసిన బరువుల్లో అదే పెద్దది.

"వెతకండి," అన్నాను. "మొదట్లో ఎవరైనా తేలిక బరువే ఎత్తాలి."