అరువు మగతనం

పాత బ్యాటరీలు పగలగొట్టి, వాటిలోని సీసాన్ని కరిగించి దిమ్మెలు పోసే కార్ఖానా అది. పోత గది తలుపు మీద ఎర్ర అక్షరాల బోర్డు ఒకటి ఉండేది: 'ఆడవాళ్ళకు ప్రవేశం లేదు.' సీసం పొగ కడుపులో బిడ్డకు చేటని పెట్టారు. పోత మేస్త్రి రోజూ ఆ బోర్డు కిందనుంచే లోపలికి వెళ్ళేవాడు. మగవాడికి సీసం ఏం చేస్తుందో బోర్డు చెప్పలేదు, ఇతను అడగలేదు. ముక్కుకు కట్టుకోమని ఇచ్చిన మాస్కు మెడలో పలుపుతాడులా వేలాడేది.

పెళ్ళయిన కొత్తలో కోడెలా ఉన్న మనిషి. ఏళ్ళు గడిచేకొద్దీ నీరసించాడు. సాయంత్రం గోడకు జారబడితే మళ్ళీ లేవబుద్ధయ్యేది కాదు. భార్య పక్కన పడుకున్నా గోడవైపే తిరిగేవాడు. ఆ సంగతి భార్యతో చెప్పుకోలేదు, డాక్టరుతోనూ చెప్పుకోలేదు. మందుల షాపు నడిపే బావతో, అంటే అక్క మొగుడితో, చెప్పుకున్నాడు.

"ఓస్, ఇంతేనా బామ్మర్దీ! నిన్ను పులిని చేసేస్తా ఉండు," అని ఆ బావ షాపు వెనక తెరచాటుకు తీసుకెళ్ళి తుంటిలో సూది గుచ్చాడు. కండలు పెంచే కుర్రాళ్ళు దొంగచాటుగా వేయించుకునే మగ హార్మోను సూది.

నిజంగానే పులయ్యాడు. భుజాలు పొంగాయి, గడ్డం గుబురయింది. చల్లబడ్డ పడకా వేడెక్కింది. ఇంకేం, సూది మీద సూది. కడుపు మాత్రం పండలేదు.

"నా కొడుకును చూడండమ్మా, బండను పిండి చేసేలా ఉన్నాడు. ఇక లోపమెవరిదో వేరే చెప్పాలా?" అని తల్లి వీధి వీధంతా చాటింది. కోడలికి చెయ్యని పరీక్ష లేదు. మేస్త్రిని పరీక్షకు రమ్మంటే మీసం దువ్వుకునేవాడు, అదే జవాబన్నట్టు. చివరికి తల్లి తేల్చేసింది: దీన్ని పుట్టింటికి పంపేసి ఇంకో పిల్లను తెస్తానని.

భార్య ఏడవలేదు. "పంపేముందు నువ్వొక్క పరీక్ష చేయించుకో. నీలో ఏ లోపం లేదంటే నా పెట్టె నేనే సర్దుకుంటా," అంది. ఆ పందేనికి మేస్త్రి సరేనన్నాడు.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. "వీర్యంలో ఒక్క కణమూ లేదు."

"నన్ను చూసి మాట్లాడండి మేడం!"

"చూసే అడుగుతున్నా. సూదులేమైనా వేయించుకుంటున్నావా?"

మేస్త్రి భార్యవైపు చూసి, నేలవైపు చూసి ఒప్పుకున్నాడు. చేసే పని కూడా చెప్పాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పెట్టింది. "వృషణాల్లో వీర్యం తయారయ్యే సన్నటి గొట్టాలుంటాయి. వాటి సందుల్లో ఉండేవి లేడిగ్ కణాలు. కొలెస్ట్రాల్‌ని తీసుకుని మగ హార్మోను తయారుచేసేవి అవే. ఎంత చెయ్యాలో మెదడు అడుగునున్న చిన్న గ్రంథి కబురు పెడుతుంది. సీసం ముందు ఆ కణాల్ని దెబ్బతీసినట్టుంది. నీ నీరసం అందుకే. అప్పుడే వస్తే ఆ పని మాన్పించి, ఒంట్లో సీసానికి వైద్యం చేసేవాళ్ళం. నువ్వు సూదికి పోయావు. సరే, ఒకటి చెప్పు. బయట పోసిన దిమ్మెలు లారీల్లో వచ్చి పడుతుంటే మీ కార్ఖానాలో పొయ్యి ఏం చేస్తారు?"

"ఆర్పేస్తాం," అనేశాడు మేస్త్రి. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నీ ఒంట్లో జరిగిందీ అదే. నెత్తురు నిండా హార్మోను కనపడేసరికి మెదడు కబురు మానేసింది. కణాలు పడకేశాయి. వీర్యం తయారవ్వాలంటే వృషణం లోపల నెత్తుట్లో కంటే ఎన్నో రెట్లు హార్మోను ఉండాలి. అది సూదితో అందేది కాదు. అందుకే పైన కండ పెరిగింది, కింద అవి గోళీల్లా ముడుచుకున్నాయి."

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె," అంది భార్య, తనలో తాను అనుకున్నట్టు.

"సూదులు ఆపేస్తే?" అన్నాడు మేస్త్రి.

"చాలామందికి నెలల్లోనో, ఏళ్ళలోనో పొయ్యి మళ్ళీ అంటుకుంటుంది. ముందు నువ్వు ఆ గది మానాలి. మానకపోతే నేను మాటివ్వలేను."

దారిలో భార్య ఒకటే అంది: "మీ అమ్మకి నువ్వే చెప్పు. ఇవాళే."

ఇంటికెళ్ళేసరికి తల్లి పక్కింటావిడతో కూర్చుని కూరలు తరుగుతోంది. షాపు బావ కూడా ఉన్నాడు, కుర్చీలో కాలుమీద కాలేసుకుని. మేస్త్రి చెప్పులు విడవకుండానే చెప్పేశాడు: "అమ్మా, లోపం దానిది కాదు. నాది."

తల్లి కొడుకును ఎగాదిగా చూసింది. ఆ భుజాలు, ఆ గడ్డం. "ఎవత్తిరా నీతో ఈ మాట చెప్పించింది?"

"డాక్టరమ్మ చెప్పిందే. బావ వేసిన సూదుల వల్లే..."

"ఆ డాక్టరమ్మకి కళ్ళు లేవా?" అంది తల్లి.

"బలానికి వేశానత్తయ్యా. బలమొచ్చిందో లేదో మీరే చూడండి," అన్నాడు బావ, కాలు దించకుండా.

పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంది. "ఎంత బంగారమమ్మా నీ కొడుకు! పెళ్ళాం లోపం తన నెత్తినేసుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఎవడుంటాడు అలాంటోడు?"

మేస్త్రి మళ్ళీ నోరు తెరిచాడు. కానీ 'బంగారం' అన్న మాట చెవిలో తియ్యగా దిగింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

భార్య అది చూసింది. పై అర మీదనుంచి పెట్టె దించి, మంచం మీద తెరిచి, చీరలు సర్దుకుంది. గుమ్మం దాటబోతూ ఆగింది.

"మీ ఓనరుతో చెప్పి పోత గదిలో నాకో పని ఇప్పించు. ఆ బోర్డు కడుపు పండే ఆడవాళ్ళకేగా? నాకా భయం లేదని మీరంతా తేల్చేశారు."

నవ్వింది. ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు.

ఆమె వెళ్ళాక వీధిలో మేస్త్రి పేరు ఇంకా పెరిగింది. ఎదురైనవాళ్ళల్లా భుజం తట్టి "మగాడంటే నువ్వేరా" అన్నారు. సూది వేయించుకోవాల్సిన రోజు దాటిపోయింది. నీరసం మొదలైంది. ఇలా మానేస్తే భుజాలు వాలిపోతాయి, ముఖం వాడిపోతుంది. అప్పుడు తను చెప్పింది నిజమేనని వీధంతా నమ్ముతుంది.

ఆ భయంతోనే షాపుకు నడిచాడు. తెర వెనక గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు.

"ఇవాళ ఏ వైపు, బామ్మర్దీ?" అన్నాడు బావ.