కదలని బట్టలు

ఇది చిన్న కథ. పొయ్యి మీద పెట్టిన నీళ్లు మరిగేలోపు అయిపోతుంది. మేడ మీద గది అద్దెకిచ్చి మనశ్శాంతి పోగొట్టుకున్న ఇంటావిడ కథ. అయితే ముందు మందుల షాపాయన చొక్కా సంగతి చెప్పకపోతే ఏదీ అర్థం కాదు.

ఆ ఊళ్లో రోజూ మధ్యాహ్నం గాలి లేస్తుంది. తీగల మీద ఆరేసిన మగవాళ్ల బట్టలు స్టేషను వైపు ఎగురుతాయి, ఆడవాళ్లవి కొండ వైపు. పక్కపక్కన ఆరేసినా అంతే. బట్టలు కలిసిపోతే ఇస్త్రీ షాపతను గాలికి చూపించి వేరుచేసుకుంటాడు. గాలి కుట్టు చూడదు, తొడుక్కునే మనిషిని చూస్తుంది. మందుల షాపాయన చొక్కా ఒకటి కొన్నాళ్లు కొండ వైపు ఎగిరితే వీధంతా ఆయన్ని ఏడిపించింది. తీరా చూస్తే దాన్ని ఆయన భార్య వేసుకుని పడుకుంటోంది. టైలరు కూతురు అనుకున్న బిడ్డ గౌన్లు ఒక వేసవిలో స్టేషను వైపు తిరిగాయి. కొన్నాళ్లు అందరూ చెవులు కొరుక్కున్నారు, ఆ తర్వాత "బాబూ" అని పిలవడం మొదలుపెట్టారు. గాలే చెప్పాక ఇంకేముంది.

ఇక మేడ మీద గది. అందులో బేకరీలో పిండి కలిపే మనిషి దిగారు. తెల్లారకముందే వెళ్లడం, మధ్యాహ్నానికి రొట్టె వాసనతో తిరిగి రావడం. పొట్టి జుట్టు, మెత్తటి గొంతు, తక్కువ మాట. తక్కువ మాట్లాడేవాళ్లంటే ఇంటావిడకు మొదటినుంచీ అనుమానమే. దానికి తోడు ఆ మనిషి ఆరేసిన చొక్కాలు గాలి లేచినా కదల్లేదు. అటూ లేదు, ఇటూ లేదు. తీగంతా ఊగిపోతుంటే అవి మాత్రం గోడకు అతికించినట్టు నిలబడ్డాయి.

తడి ఆరలేదేమోనని ఇంటావిడ వాటిని మళ్లీ పిండింది. క్లిప్పులు మార్చింది. జేబుల్లో రాళ్లున్నాయేమోనని వెతికింది. పిండి రాలింది.

"దొంగబట్టలేమో వదినా," అంది మందుల షాపాయన భార్య.

"దొంగిలించినా ఎవరో ఒకరివి అవుతాయిగా. గాలికి తెలీదూ?"

"అయితే మనిషే కాదేమో!"

"మొన్నంతా మెట్ల మీద తుమ్ముతూనే ఉన్నారే. దెయ్యాలకి జలుబు చేస్తుందా?"

జలుబు మందు అమ్మింది తామే కాబట్టి మందుల షాపాయన భార్య ఆ మాట వెనక్కి తీసుకుంది.

అన్నట్టు, ఇంటావిడ అక్క కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. ఎండ పడదని చెప్పి తన బట్టలు వంటింటి వెనక, పొయ్యి పక్కనే ఆరేసుకుంటుంది. ఆవిడకంటే ముందు పొగ వాసన వస్తుందని వీధిలో అందరూ నవ్వుతారు. చెల్లెలు చెప్పీ చెప్పీ విసిగి వదిలేసింది.

ఒకరోజు ఇంటావిడ బేకరీ మనిషిని మెట్ల మీదే ఆపేసింది.

"ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు ఆడా, మగా?"

"రెండూ కాదండీ."

"అంటే, రెండూనా?"

"రెండూ అయితే నా బట్టలు అటూ ఇటూ కొట్టుకునేవి కదండీ. నాలో అసలు అదేదీ లేదు."

"పోగొట్టుకున్నారా? జబ్బేదైనా చేసిందా?"

"ఉంటేగా పోవడానికి. లోపల ఏదో తెలుస్తుందని అందరూ అంటారు. నేనూ చూసుకున్నాను. అక్కడ ఏమీ లేదు. లేదని దిగులు కూడా లేదు."

"ఏమీ లేకపోతే మనిషి ఎలా ఉంటారండీ?"

బేకరీ మనిషి తన చేతుల్ని, చెప్పుల్ని ఒకసారి చూసుకున్నారు. "ఇలా ఉంటానండీ."

ఇంత తిన్నగా జవాబు చెప్పేవాళ్లు ఏదో దాస్తున్నారనే ఇంటావిడ నమ్మకం. "ఆదివారానికి గది ఖాళీ చెయ్యండి," అంది.

"బట్టలారేసే తీగ లేని ఇల్లు ఈ ఊళ్లో ఎక్కడుందండీ? ఏ ఇంటికెళ్లినా ఇదే మాట. ఇంకెక్కడికి పోను?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నానికి బేకరీ మనిషి పెట్టె సర్ది తాడు కట్టేశారు. తీగ మీద ఆఖరి చొక్కా ఒక్కటే మిగిలింది. మందుల షాపాయన భార్య థర్మామీటరు అడగడానికి వచ్చింది, షాపు నిండా అవే ఉన్నా. అప్పుడు అక్క బకెట్టు మోసుకుంటూ మేడెక్కింది.

"ఎక్కడికక్కా? నీకు ఎండ పడదుగా!"

అక్క ఆ చొక్కా పక్కనే తన గౌన్లు వరసగా ఆరేసి, పిట్టగోడ మీద కూర్చుంది. గాలి లేచింది. ఎదురు మేడ మీద గౌన్లన్నీ కొండ వైపు ఎగిరాయి. అక్కవి కదల్లేదు.

ఇంటావిడ చాలాసేపు చూసింది. "ఇన్నేళ్లూ పొయ్యి దగ్గర ఆరేసింది ఇందుకా?"

"చిన్నప్పుడొకసారి ఇక్కడే ఆరేశాను. అమ్మ చూసేలోపు తీసేశాను. నా ఒక్కరికే ఏదో రోగం ఉందనుకున్నాను. మొన్న మెట్ల మీది మాటలు విన్నాక తెలిసింది, కాదని."

"నాకైనా చెప్పలేదేం?"

"నీకా? జేబుల్లో రాళ్లు వెతికేదానివి."

ఇంటావిడ తల దించుకుంది. అయినా అనుమానంగానే అడిగింది: "మరి నిన్ను అక్కా అని పిలవొచ్చా?"

"అలవాటైన పిలుపు. ఉండనీ."

పెట్టెకు కట్టిన తాడు ఇంటావిడే విప్పింది, ముడి ఇంత గట్టిగా ఎవరు వెయ్యమన్నారని బేకరీ మనిషి మీద విసుక్కుంటూ. మర్నాడు ఎవరూ చూడట్లేదనుకుని ఆ చొక్కాలకీ అక్క గౌన్లకీ మధ్య తన గౌను ఒకటి ఆరేసి చూసుకుంది. అది కొండ వైపు ఎగిరింది. ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది.

అక్క బట్టలకు ఇప్పుడు పొగ వాసన రాదు.