తిరిగొచ్చిన కప్పులు

యూనివర్సిటీలో విద్యార్థులు ఆయన్ని చాటుగా 'వద్దు మాస్టారు' అనేవాళ్లు. ఎకనామిక్స్ ప్రొఫెసర్. ఆహారం మీద తనిఖీలు వద్దు, లైసెన్సులు వద్దు, ఆరోగ్యశాఖ వాళ్లు ఫ్యాక్టరీల్లో వేలు పెట్టొద్దు అని ఏళ్ల తరబడి రాస్తూ వచ్చాడు. "కడుపు చెడినవాడు మళ్లీ ఆ కొట్టు గుమ్మం తొక్కడు. ఇన్‌స్పెక్టరు కంటే వాడే గట్టి కాపలా" అనేది ఆయన వాదన. ఎవరి మెప్పు కోసమో అన్నది కాదు, నిజంగానే నమ్మాడు.

తనిఖీలు ఉంచాలా తీసేయాలా తేల్చడానికి ప్రభుత్వం కమిటీ వేసి, ఆయన్నీ మాట్లాడమంది. అది తెలిసి ఊరవతల ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ ఓనరు ఫోన్ చేశాడు.

"మేమంతా మీ అభిమానులం సార్. ఒక్కసారి వచ్చి మా పని చూడండి. కమిటీలో చెప్పడానికి పనికొస్తుంది."

ప్రొఫెసరు వెళ్లేసరికి ఫ్యాక్టరీ ముందు హాలు అద్దంలా మెరుస్తోంది. వెనక తలుపు తీయగానే పుల్లటి కంపు గుప్పుమంది. నేలంతా పాలజిడ్డు. అడుగు తీస్తే చెప్పు అతుక్కుపోతోంది. కరిగి ఉబ్బిన కప్పులు గుట్టగా పడున్నాయి. ఇద్దరు ఆడవాళ్లు మూతలు పీకి, లోపలిదంతా డ్రమ్ములో గుమ్మరిస్తున్నారు. ఒకామె వేళ్ల సందుల్లో పుండ్లు రసి కారుతున్నాయి. డ్రమ్ము అంచున పాకుతున్న బొద్దింకను ఆ చేత్తోనే విదిలించింది. అది డ్రమ్ములోనే పడింది. గరిటెతో కాసేపు వెతికి, దొరక్క వదిలేసింది.

"ఇవేమిటి?" అన్నాడు ప్రొఫెసరు, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"రిటర్నులు సార్. కొట్లలో కరెంటు పోయి కరిగినవి, డేటు దాటినవి. కాచి, రంగూ ఎసెన్సూ దట్టించి మళ్లీ కప్పుల్లో పోస్తాం. చాక్లెట్ చేస్తే ఎంత కంపైనా తెలీదు."

"జనం జబ్బు పడరా?"

"పడితే మాత్రం? ఎల్లుండి కడుపు నొప్పొస్తే ఇవాళ తిన్న కప్పు ఎవడికి గుర్తొస్తుంది సార్? మరీ పేరు చెడితే మూత మీద పేరు మారుస్తాం. ఓసారి మార్చాం కూడా."

"ఇన్‌స్పెక్టరు?"

"బంగారం లాంటి మనిషి. ముందు హాలు దాటి రాడు."

"మీ పిల్లలు ఇవే తింటారా?"

"ఛీ ఛీ! మా పిల్లలకేం ఖర్మ!" ఓనరు పగలబడి నవ్వి, ఆయన భుజం మీద చెయ్యేశాడు. "మీరే రాశారు కదా సార్, దేన్నీ వృథా పోనివ్వనిదే మంచి వ్యాపారమని. ఆ మాట మా ఆఫీసులో ఫ్రేము కట్టించి పెట్టాం."

గేటు దాటగానే ప్రొఫెసరు గోడ పట్టుకుని భళ్లున కక్కాడు.

ఇంటికొచ్చి ఒళ్లు ఎర్రబడేలా సబ్బుతో రుద్దుకున్నాడు. భార్య అన్నం వడ్డిస్తే ముద్ద దిగలేదు. సంగతంతా విని ఆవిడ తన కంచం కూడా పక్కకి జరిపింది.

"మరి కమిటీలో ఏం చెప్తారు?"

"ఇన్‌స్పెక్టర్లు అమ్ముడుపోతారని రాశాను, అది నిజమే. కానీ తిన్నవాడికి తెలుస్తుందన్నాను చూడు, అది పచ్చి అబద్ధం. నా వాదనంతా దాని మీదే నిలబెట్టాను. నా రాతలంటేనే నాకు రోత పుడుతోందే."

"అదే చెప్పండి. అన్నం మాత్రం మానకండి."

కమిటీ ముందు చూసింది చూసినట్టు చెప్పాడు. తనిఖీ ఉండాలి, కానీ చెప్పి రాకూడదు, వెనక తలుపు నుంచి రావాలి అన్నాడు. ఒక మెంబరు ఆవులించాడు. "ఫొటోలున్నాయా?" అని అడిగాడు ఇంకొకాయన. లేవు. ఆ వెంటనే ఓనరు తెచ్చుకున్న మరో ప్రొఫెసరు లేచి, ఈయన పాత వ్యాసాల్లోంచే పేజీలు పేజీలు చదివి వినిపించాడు. అందరూ తలలూపారు. తనిఖీలు ఎత్తేశారు.

ప్రొఫెసరు ఊరుకోలేదు. ఫ్యాక్టరీ పేరుతో సహా పత్రికకి రాశాడు. ఓనరు పరువునష్టం దావా వేశాడు. క్షమాపణ చెప్పి గొడవ వదిలించుకోమని డిపార్ట్‌మెంట్ హెడ్డు గదిలోకి పిలిచి మరీ బతిమాలాడు. "క్షమాపణ చెప్పాల్సింది అది తిన్నవాళ్లకి, వాడికి కాదు" అని ఈయన లేచి వచ్చేశాడు.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా మొగుడూ పెళ్లాం కలిసే వెళ్తారు. కోర్టు వరండాలో ఓనరు ఎదురై, "బాగున్నారా సార్!" అంటూ పాత చుట్టంలా చెయ్యి చాపుతాడు. ప్రొఫెసరు ముఖం చిట్లించి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాడు.