నూట ఇరవై గ్రాముల జడ

ఉదయం ఆరింటికి మా కుస్తీ సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. మేం పోటీలకని ఈ పరాయి దేశం వచ్చాక, మా దేశంలో నిన్న ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు కుర్చీలో కుదురుగా కూర్చోకముందే మా సంఘాన్ని రద్దు చేసి తమవాళ్లను పెట్టుకున్నారట. ఆటల్లో ప్రభుత్వం వేలు పెట్టిందని అంతర్జాతీయ సమాఖ్య మా జట్టునే పోటీల నుంచి తీసేసిందట. వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే మధ్యలో మా చెల్లి ఏం చేసింది?

"తొమ్మిదిలోగా కొత్త మంత్రి కాళ్లయినా పట్టుకుంటానమ్మా. చెల్లెలికి మాత్రం అప్పుడే చెప్పకు," అన్నాడు.

చెబితే ఆశ వదిలేసి నీళ్లు తాగేస్తుంది. తొమ్మిదింటికి తూకం. యాభై కిలోల మీద ఒక్క గ్రాము ఉన్నా బరిలోకి రానివ్వరు. తీరా తాగాక అనుమతి వస్తే? దానికి ముప్పై ఒకటి నిండాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ఇదే ఆఖరు. దాని అక్కనీ, కోచ్‌నీ నేనే. నోరు కుట్టేసుకున్నాను.

స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి పట్టి, చెమట పట్టడానికి రబ్బరు కోటు తొడుక్కుని అది గెంతుతూనే ఉంది. రెండు రోజులుగా గొంతులో చుక్క పడలేదు. ఆ కాస్త బరువైనా తగ్గుతుందని కాగితం కప్పులోకి ఉమ్మబోయింది.

"ఉమ్ము కూడా రావట్లేదక్కా. ఇంకా ఎంత?"

"నూట ఇరవై గ్రాములు."

ఎనిమిదింటికి నేల మీద కూలబడి, "జడ తీసెయ్," అంది.

నడుము దాటిన జడ. అమ్మ పోయేదాకా తన చేత్తోనే అల్లింది. సవరమేమోనని చుట్టాలు లాగి చూసేవాళ్లు.

"ఆలోచించుకోవే."

"జుట్టు మళ్లీ వస్తుంది. ఇది రాదు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఫోన్ చూశాను, ఏమీ లేదు. పిరికిదాన్ని, కత్తెర అందుకున్నాను. అది కట్లు కత్తిరించే మొండి కత్తెర. పాయ తర్వాత పాయ కోస్తుంటే చెల్లి కళ్లు గట్టిగా మూసుకుంది. ఏడవడానికి దాని ఒంట్లో నీళ్లెక్కడివి?

తూకం హాల్లో అందరికంటే ముందు నిలబడి, పేరు పిలవకముందే కాటా ఎక్కేసింది. నలభై తొమ్మిది కిలోల తొమ్మిది వందల ఎనభై గ్రాములు. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

బల్ల దగ్గరున్న పెద్దావిడ జాబితా చూసి కళ్లద్దాలు తీసేసింది.

"బరువు సరిపోయిందమ్మా. నీ పేరే కొట్టేశారు. తెల్లవారుజామునే మీ సంఘానికి చెప్పామే!"

చెల్లి నావైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆరింటికి."

మూత తీసిన నీళ్ల సీసా దాని ముందు పెట్టాను. ముట్టుకోలేదు. చెయ్యి వెనక్కి పెట్టి, మెడ మీద జడ ఉండాల్సిన చోట తడుముకుంది.

"ఎనిమిదింటికి కదక్కా కోశావు," అంది.