నూట రెండో నంబరు

సుగెంగ్ తన అల్లుడితో నేరుగా మాట్లాడడం మానేసి ఏడాదిన్నర అయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఒకే గిన్నెలోంచి వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు తీసుకునేవారు. కానీ ఏదైనా చెప్పాల్సి వస్తే ఆయన కూతురు ముర్ని ముఖం చూసి చెప్పేవాడు.

"మీ ఆయన్ని నా రెంచీలు ముట్టుకోవద్దను. తీసింది తీసినచోట పెట్టడం రాదు ఆయనకి."

లుక్మాన్ రెండడుగుల దూరంలో కూర్చుని అన్నం తింటూనే ఉండేవాడు. జవాబు అతనూ ముర్నికే ఇచ్చేవాడు. మీ నాన్న రెంచీలు మ్యూజియంలో పెట్టుకోమను, నాకు నావి ఉన్నాయి అనేవాడు. మధ్యలో కూర్చున్న ముర్నికి ఒక్కో పూట ముద్ద దిగేది కాదు. తర్వాత తర్వాత ఆమె ఇద్దరి మాటలూ వింటూనే తినడం నేర్చుకుంది.

గొడవంతా ఒక పాత వెస్పా గురించి. మలాంగ్ ఊళ్ళో సుగెంగ్ ముప్పై రెండేళ్ళు స్కూటర్ల షాపు నడిపాడు. మోకాళ్ళు మొరాయించి షాపు మూసేశాక, తను సొంతానికి వాడుకున్న నూట యాభై సీసీ బండిని అల్లుడి చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు ఒకే ఒక్క మాట అన్నాడు: ఇంజిన్ జోలికి మాత్రం పోవద్దు, అది నా చేత్తో బిగించింది. లుక్మాన్ ఆరు నెలలు ఓపిక పట్టాడు. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున వెనక వసారాలో గోనెపట్టా పరిచి, ఇంజిన్ దించి, నట్టు నట్టుగా విప్పేశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న సుగెంగ్ లవంగం సిగరెట్టు సగంలోనే ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయాడు. నేరుగా మాట్లాడడం ఆ రోజే ఆగిపోయింది.

లుక్మాన్ చేసింది ఆషామాషీ పనేమీ కాదు. అచ్చాఫీసులో యంత్రాలు చూసుకునే మనిషి, చేతికి నేర్పు ఉంది. నూట డెబ్బై ఏడు సీసీల కొత్త సిలిండర్ తెప్పించాడు. పెట్రోలు ఆవిరి సిలిండర్‌లోకి వచ్చే దారుల్నీ, కాలిన పొగ బయటికి పోయే దారినీ చిన్న గ్రైండర్‌తో కొంచెం కొంచెంగా వెడల్పు చేశాడు. కార్బురేటర్ పెద్దది పెట్టాడు. ఇంజిన్ పెరిగింది కాబట్టి పెట్రోలూ ఎక్కువ కావాలి. ఎంత పోవాలో తేల్చేది జెట్ అనే ఇత్తడి ముక్క. దాని నడుమ సూదిమొన దూరేంత బెజ్జం ఉంటుంది, ఆ బెజ్జం కొలతే పైన నంబరుగా చెక్కి ఉంటుంది. పాత ఇంజిన్‌కి నూట రెండు సరిపోయేది. కొత్తదానికి నూట పద్దెనిమిది కావాలని తేలింది.

తేల్చింది ముర్ని. చిన్నప్పటి నుంచి తండ్రి షాపులో పానాలు అందిస్తూ అన్నీ చూసి నేర్చుకుంది. సుగెంగ్ మాత్రం ఆమెని ఒక్క బోల్టు కూడా బిగించనివ్వలేదు. బండి ఇచ్చినవాళ్ళు చూస్తే నమ్మకం పోతుంది అనేవాడు. పెళ్ళయ్యాక మొగుడి పక్కన కూర్చుని ఆ దారుల ఎత్తు కొలిచింది, గీతలు గీసి ఇచ్చింది, ప్లగ్ తీసి రంగు చూసి జెట్ మార్పించింది. స్నేహితులు వచ్చినప్పుడు లుక్మాన్ అదంతా తన పనే అన్నట్టు చెప్పుకునేవాడు. ముర్ని కాఫీలు పెట్టి తెచ్చేది.

శనివారం పొద్దున చివరిసారి నడిపి చూశారు. ప్లగ్ బిస్కెట్ రంగులో వచ్చింది. అంటే మంట సరిగ్గా ఉందన్నమాట. మర్నాడు లుక్మాన్ తన స్కూటర్ల బృందంతో పుజోన్ కొండ మీదికి వెళ్ళాలి. ఎత్తు మీద మామగారి పాత శిష్యుల బండ్లన్నిటినీ వెనక్కి నెడతానని భోజనాల దగ్గర గట్టిగా అన్నాడు, సుగెంగ్‌కి వినబడాలనే. ఆ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ చుట్టాలింటి విందుకు వెళ్ళారు. ఇంట్లో సుగెంగ్ ఒక్కడే ఉన్నాడు.

ఆదివారం తెల్లారేసరికి లుక్మాన్‌కి చిగురు వాచి, దవడ గుమ్మడికాయంత అయింది. హెల్మెట్ పట్టడం లేదు. వెళ్ళకపోతే భయపడ్డానంటారని గింజుకున్నాడు. నేను వెళ్తాను అంది ముర్ని. అతను ఒక్క క్షణం ఆలోచించి, సరే, కానీ బండి పాడుచెయ్యకు అన్నాడు.

ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుంటుంటే సుగెంగ్ కాఫీ గ్లాసుతో గేటు దాకా వచ్చాడు. నువ్వెక్కడికని అడిగాడు. చెప్పింది. ఆయన చాలాసేపు బండివైపే చూశాడు. వాడి బండి వాడే తోలుకోవాలి, నువ్వు మానెయ్ అన్నాడు. ఎప్పుడూ ఉండే సణుగుడే అనుకుని ఆమె కిక్ కొట్టింది. కదలబోతుంటే, "క్లచ్ మీంచి వేళ్ళు తియ్యకు" అన్నాడు సుగెంగ్. అంతే, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు బండి మరీ హుషారుగా ఉంది. బాతూ ఊరు దాటాక ఎత్తంతా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఎక్కించింది. ఎనిమిది బండ్లని వెనక్కి నెట్టి, పై మలుపు దగ్గర వేగం తగ్గించింది. తగ్గించీ తగ్గించగానే ఇంజిన్ గొంతు నొక్కినట్టు కీచుమంది. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కింది కానీ అప్పటికే బండి అడ్డం తిరిగింది. ఎదురుగా క్యాబేజీల లారీ వస్తోంది. డ్రైవర్ ఎలా తిప్పాడో తిప్పాడు. ముర్ని రోడ్డు అంచు రాయికి కొట్టుకుని ఆగింది. కాలర్ ఎముక రెండు ముక్కలైంది.

మూడు వారాలు చెయ్యి రొమ్ముకి కట్టుకుని మంచం మీదే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ సుగెంగ్ ఒకటే చెప్పాడు: పని రాని చేత్తో గ్రైండర్ పట్టి ఇంజిన్ కడుపు కోస్తే ఇలాగే అవుతుంది, నా కూతుర్ని చంపబోయాడు. లుక్మాన్ ముందు పాపం దిగులుపడ్డాడు. మామగారి మాటలు వీధంతా పాకేసరికి ఆ దిగులు కాస్తా కోపమైంది. నా పని సరిగ్గానే ఉంది అన్నాడు. అంతసేపు ఫుల్లుగా లాగమని ఎవరు చెప్పారన్నాడు. ఒకరోజు అన్నం పళ్ళెం మంచం మీద పెడుతూ, "చెయ్యి బరువు నీది. నీకిచ్చి తప్పు చేశా" అన్నాడు.

ముర్ని అన్నం పళ్ళెం ముట్టుకోలేదు.

నాలుగో వారంలో, లుక్మాన్ అచ్చాఫీసుకి వెళ్ళాక, ఆమె వసారాలో మూలన పడి ఉన్న బండి దగ్గర కూర్చుంది. ఎడమ చెయ్యి కట్టులోనే ఉంది. ఒంటిచేత్తో ప్లగ్ విప్పింది. మొన సున్నంలా తెల్లగా ఉంది. పెట్రోలు చాలక ఇంజిన్ మాడిపోయిందన్నమాట. గ్రైండర్‌దీ తప్పు కాదు, తన చేతిదీ కాదు. కార్బురేటర్ మూత తీసి ఇత్తడి కడ్డీ బయటికి లాగింది. దాని చివర ఉన్న జెట్‌ని చొక్కా అంచుతో తుడిచి వెలుతురుకి పెట్టి చూసింది.

నూట రెండు.

నంబరు పక్కనే ఎర్రటి చుక్క. షాపు నడిపే రోజుల్లో జెట్లు తారుమారు కాకుండా తన పెట్టెలోవాటికి గోళ్ళరంగుతో ఆ చుక్కలు పెట్టేవాడు సుగెంగ్. మలాంగ్‌లో ఇంకెవరూ పెట్టేవాళ్ళు కాదు. ఆ రంగు సీసా ముర్ని తల్లిది. ఆవిడ పోయాక కూడా ఆయన అదే వాడాడు.

సుగెంగ్ వంటింట్లో కాఫీ కలుపుకుంటున్నాడు. ముర్ని జెట్‌ని ఆయన గ్లాసు పక్కన పెట్టింది. ఆయన దాన్ని చూశాడు కానీ చేతిలోకి తీసుకోలేదు.

"నేను హెల్మెట్ పెట్టుకోవడం చూశావు" అంది.

"చూశాను."

"అయినా చెప్పలేదు."

"మానెయ్యమన్నాను కదా. క్లచ్ మీద వేళ్ళుంచమన్నాను."

"జెట్ మార్చానని చెప్పలేదు నాన్నా."

ఆయన చెంచా తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత, "చెబితే వాడు గెలిచేవాడు" అన్నాడు. కొండెక్కుతూ ఆగిపోతుందనీ, నలుగురిలో తోసుకుంటూ దిగుతాడనీ అనుకున్నాడట. చక్రం పట్టేస్తుందేమోనన్న ఆలోచన రాలేదట. ముప్పై రెండేళ్ళు ఈ పని చేసినవాడికి ఆ ఆలోచన రాలేదంటే ముర్ని నమ్మలేదు. ఆ మాటే అంది.

లుక్మాన్ ఇంటికి వచ్చేలోపు చెప్పాలో వద్దో తేల్చుకోలేక కూతురు సతమతమవుతుందని సుగెంగ్ అనుకున్నట్టున్నాడు. ముర్నికి అలాంటి సందేహమేమీ లేదు. "సాయంత్రం నువ్వే చెప్పు. నా ముఖం చూసి కాదు, ఆయన ముఖం చూసి" అంది.

చీకటి పడకముందే చెప్పాడు. ఏడాదిన్నర తర్వాత మామ అల్లుడితో అన్న మొదటి మాట అదే: "జెట్ మార్చింది నేను. నీ పనిలో తప్పు లేదు." లుక్మాన్ లేచాడు. బల్ల మీది గ్లాసు తీసి గోడకి కొట్టాడు. ముసలాయన చొక్కా కాలర్ పట్టుకున్నాడు. సుగెంగ్ విడిపించుకోవడానికి ప్రయత్నించలేదు. ముర్ని మధ్యలోకి వెళ్ళలేదు. కూర్చున్న చోటి నుంచే, "ఆయన్ని వదిలెయ్. నెల రోజులు నన్నన్న మాటలకి నువ్వేం చెప్తావో అది చెప్పు" అంది.

లుక్మాన్ చెయ్యి వదిలేశాడు. బాధలో ఏదో అన్నానన్నాడు.

"నీ పని మీద అనుమానం వస్తే ప్లగ్ తీసి చూసేవాడివి. నా మీద అనుమానం కాబట్టి చూడలేదు" అంది ముర్ని. అతను గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు. సుగెంగ్ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ నెలలోనే భార్యాభర్తలు మార్కెట్ వెనక రెండు గదుల ఇంటికి మారారు. బండి కూడా తీసుకుపోయారు. కరిగి సిలిండర్ గోడకి అంటుకున్న అల్యూమినియం గీకడం, బోరు మళ్ళీ చేయించడం, కొత్త పిస్టన్ బిగించడం అన్నీ ముర్నియే చేసింది. లుక్మాన్ పక్కన కూర్చుని పానాలు అందించాడు. ఒకసారి, గ్రైండర్ నేను పట్టుకోనా అని అడిగాడు. వద్దంది. ఇప్పుడు స్నేహితులొస్తే ఎవరి పనో అతనే చెబుతాడు. చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. ఆమె పొగడ్తకి నవ్వదు.

రెండు నెలల తర్వాత పక్కింటి మనిషి చేత సుగెంగ్ ఒక సంచి పంపాడు. అందులో ఆయన ప్రాణంగా చూసుకునే పనిముట్లు ఉన్నాయి. పిస్టన్ ఎంత పైకి వచ్చిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చూపే కొలత గడియారం, ఫ్లైవీల్ లాగే పుల్లర్, సన్నటి ఆకురాళ్ళ జత. అడుగున ఒక చీటీ ఉంది. నాన్న ఆదివారం భోజనానికి రమ్మన్నాడని పక్కింటాయన నోటితో కూడా చెప్పాడు.

ముర్ని పనిముట్లు ఒక్కొక్కటే తీసి నూనె గుడ్డతో తుడిచి బల్ల మీద వరసగా పెట్టింది. అవి పనికొస్తాయి, ఉంచుకుంది. చీటీ విప్పకుండా ఖాళీ సంచిలోనే వేసి మడిచి పక్కింటాయనకిచ్చింది.

"రావడం లేదని చెప్పండి" అంది.